రెండో అంతస్తు, కిటికీ పక్క బల్ల

మొన్న ఆదివారం పొద్దున, ఇక్కడ వారం మొదలయ్యేది ఆ రోజే కదా, నేనింకా టీ కప్పు బల్ల మీద పెట్టకముందే మా ఆఫీసులో ఈ మధ్య చేరిన ఇంజనీరు అమ్మాయి తన లాప్‌టాప్ మోసుకొచ్చి నా ముందు పెట్టి, ఈ ఫైలు ఎక్కడో పాడైనట్టుంది, ఒక వరస నిండా ఏవో గుండ్రటి గుర్తులు వచ్చాయి, తీసేయనా అని అడిగింది. రియాద్‌లో చదువుకున్న సౌదీ పిల్ల, మా అమ్మాయికన్నా చిన్నది, మర్యాద తెలిసినది, నన్ను ‘అమ్మీ’ అని పిలుస్తుంది. అరబ్బీలో అది బాబాయి అన్నట్టు, మా కర్నూలు వైపు మాత్రం ఆడపిల్లల్ని పిలిచే పిలుపు, అందుకని ఆ పిల్ల పిలిచినప్పుడల్లా నాకు లోపల నవ్వొస్తుంది. ఆ రోజు నవ్వు రాలేదు. ఆ గుండ్రటి గుర్తులు తెలుగు అక్షరాలు, ఇరవై ఏళ్ళ కిందట ఇదే బల్ల దగ్గర కూర్చుని నేను టైపు చేసిన రెండు చిన్న వాక్యాలు. ఫైలు పాడవలేదమ్మా, నేను పాడైపోయినా అది పాడవదు అన్నాను కాస్త విసురుగానే, పాపం ఆ పిల్ల బెదిరిపోయింది.

సంగతేమిటంటే మా పాత వెబ్‌సైటు వ్యవస్థను మొత్తంగా పీకేసి కొత్తది పెడుతున్నారు. పాతదాంట్లో ఏమేమి తీసేయాలో ఒక జాబితా రాశారు, ఒక్కో దాని ఎదురుగా కారణం రాయడానికి ఒక గడి, దాన్ని రాసిన మనిషి ఇంకా ఉద్యోగంలో ఉంటే అతని సంతకానికి ఒక గడి. ఉన్నది నేనొక్కణ్ణే. నా టాగ్ లైబ్రరీ పేరు ఎదురుగా కారణం గడిలో ‘నిరుపయోగం’ అని ముందే నింపి తెచ్చింది.

నా ఈడు వాళ్ళకి ఆ రోజులు గుర్తుండే ఉంటాయి. అమీర్‌పేటలో ఏ మెట్లు ఎక్కినా జావా బోర్డే కనబడే కాలం, డిగ్రీ ఏదైనా సరే ఆర్నెల్లు ఆ మెట్లెక్కి దిగితే ఏదో ఒక దేశం పిలుస్తుందన్న నమ్మకం. నన్ను పిలిచింది అల్ ఖర్జ్. నంద్యాల దగ్గర పల్లెటూరి వాణ్ణి, ముస్లింలమే గానీ ఇంట్లో తాతల కాలం నుంచీ తెలుగే మాట్లాడుకునే వాళ్ళం, అందువల్ల ఇక్కడికొచ్చాక హైదరాబాదు వాళ్ళు నా ఉర్దూ విని నవ్వేవాళ్ళు, నేను వాళ్ళ తెలుగు విని నవ్వేవాణ్ణి, లెక్క సరిపోయేది. రియాద్‌కి దక్షిణాన ఇసుక మధ్యలో వేల ఆవులున్న పాల ఫారం, వాటి కోసం ఎండాకాలమంతా ఆగకుండా తిరిగే ఫ్యాన్లు, నీటి తుంపర, గాలి ఇటు తిరిగితే పేడ వాసన, అటు తిరిగితే మేత వాసన. దేశం కాని దేశంలో మొదటి రోజు ఆ వాసనకి ప్రాణం లేచొచ్చింది అంటే మా ఆవిడ ఇప్పటికీ నమ్మదు.

ఆఫీసులో మాకొక కంటెంట్ వ్యవస్థ ఉండేది, జావాలో రాసింది. కంపెనీ నోటీసులన్నీ అందులో రాస్తే ఆఫీసు కంప్యూటర్లలోనూ, కార్మికుల క్యాంపు మెస్సులో గోడకి బిగించిన నాలుగు తెరల మీదా కనబడేవి. రాసేది ప్రోగ్రామర్లు కాదు, పర్సనల్ విభాగం గుమాస్తాలు. వాళ్ళ చేత జావా రాయించలేం గనక మేం టాగ్‌లు తయారుచేసి ఇచ్చేవాళ్ళం. టాగ్ అంటే పెద్ద బ్రహ్మవిద్యేం కాదు. హోటల్లో కూర్చుని రెండు ఇడ్లీ అంటాం, పిండి ఎవరు రుబ్బారో మనకి అక్కర్లేదు, ఇదీ అంతే; గుమాస్తా తన పేజీలో చిన్న మాట ఒకటి రాస్తే దాని వెనకాల మేం రాసి పెట్టిన ప్రోగ్రాం కదిలి, కావలసింది తెర మీదకి తెచ్చి పెడుతుంది. వ్యవస్థతో వచ్చిన టాగ్‌లు కొన్ని ఉంటాయి, మనవి మనం కట్టుకోవచ్చు. ఒక్కో టాగ్‌కి ఇంటిపేరూ పేరూ రెండూ ఉండాలి. నా టాగ్‌లకి ‘మన’ అని ఇంటిపేరు పెట్టాను. బయటినుంచి వచ్చిన సలహాదార్లు ఇదేం పేరని ముఖం చిట్లించారు. చిట్లించుకోనీ అనుకున్నాను.

వాటిలో పెద్దది ‘మన తేదీ’. ఇక్కడ ఆ రోజుల్లో కాగితమన్నది ఏదైనా హిజ్రీ తేదీతోనే, అంటే నెలవంక లెక్కతోనే నడిచేది, ఇక్కడ ఉండటానికిచ్చే ఇకామా అయినా, ఊరికి పోయి రావడానికి కొట్టే ఎగ్జిట్ రీ-ఎంట్రీ అయినా. నోటీసులో ఫలానా నంబరు మనిషి ఫలానా హిజ్రీ తేదీలోగా దేశం దాటాలి అని ఉంటే జగిత్యాల నుంచో సిరిసిల్ల నుంచో వచ్చిన మనిషికి అది ఏ నెలో ఏ వారమో తెలిసేది కాదు. పాస్‌పోర్టు కంపెనీ బీరువాలో ఉండేది, ప్రయాణం రోజు బస్సెక్కేటప్పుడు గానీ చేతికి ఇచ్చేవాళ్ళు కాదు, ఇచ్చినా ముద్ర అంతా అరబ్బీ. అందుకని గుమాస్తాని అడగాలి. మా ఈజిప్టు గుమాస్తా, మనవాళ్ళు మిస్రీ అనేవాళ్ళు, మంచివాడే, ఎంతమందికని చెప్తాడు, కసురుకునేవాడు. నేను టాగ్ రాశాక అతను హిజ్రీ తేదీ కొడితే చాలు, దాని పక్కనే ఇంగ్లీషు తేదీ, వారం పేరు తెర మీద వచ్చేసేవి. మెస్సులో మనవాళ్ళు పళ్ళెం చేత్తో పట్టుకుని తెర ముందు నిలబడి వేళ్ళ మీద రోజులు లెక్కపెట్టుకుంటుంటే చూసి, ఈ చదువుకి ఇదొక్కటి చాలనుకున్న రోజులు ఉన్నాయి.

అంత మురిసిపోయిన నేనే ముంచాను. హిజ్రీ నెలని ఇంగ్లీషు తేదీగా మార్చడానికి ఒక సూత్రం దొరికితే, ఒక నెలకి ముప్ఫై, తర్వాతి నెలకి ఇరవై తొమ్మిది, ఇలా ఒకదాని తర్వాత ఒకటి వేసుకుంటూ పోయే లెక్క, నాలుగైదు నెలలు సరిచూసి, కుదిరింది కదా అని టాగ్‌లో పెట్టేశాను. నా చిన్నప్పుడు రంజాను నెల చివర మా నాయనమ్మ నన్ను మిద్దె మీదికి ఎక్కించి, నీవి చిన్న కళ్ళు, నువ్వు చూడు అనేది. కనబడితే రేపే పండగ, లేకపోతే ఇంకొక రోజు ఉపవాసం. నెలకి ఇరవై తొమ్మిదా ముప్ఫయ్యా అన్నది ముందుగా ఎవరూ వరసపెట్టి చెప్పలేరని మిద్దె మీద నిలబడి నేర్చుకున్నవాణ్ణి, కంప్యూటరు ముందు కూర్చోగానే ఆ మాటే మరిచిపోయాను. జావా తెలియనివాడు ఈ తప్పు చేయలేడు, నెలవంక తెలిసినవాడు చేయకూడదు, రెండూ తెలిసిన నేను చేశాను.

పాలు పితికే షెడ్డులో జగిత్యాల వైపు తమ్ముడొకడు ఉండేవాడు. వాళ్ళ నాయన పోయి ఏడాది కావస్తోంది, పోయినప్పుడు వెళ్ళలేకపోయాడు, ఈసారి సంవత్సరీకం తన చేతుల మీదుగా జరగాలని ఆర్నెల్ల ముందే సెలవు రాయించుకున్నాడు. ఇంటికి ఫోన్ చేసి అయ్యగారిని అడిగించి తిథి తెలుసుకున్నాడు, తిథిని ఇంగ్లీషు తేదీ చేసుకున్నాడు, ఎగ్జిట్ కొట్టిన హిజ్రీ తేదీని నా తెర మీద చూసుకున్నాడు. మూడు పంచాంగాలు ఆ మనిషి బుర్రలో ఒకచోట కుదిరాయి. బదులు మనిషి వచ్చేదాకా ఫోర్‌మన్ వదలకపోవడంతో చివరి రోజుదాకా ఆగి, ఆ మధ్యాహ్నం విమానానికి రియాద్ వెళ్ళాడు. పాస్‌పోర్టు కౌంటరులో అధికారి నీ గడువు నిన్నటితో అయిపోయింది అని వెనక్కి పంపేశాడు. గడువుకి ముందు నెలకి నా లెక్క ముప్ఫై రోజులు వేసింది, సర్కారు క్యాలెండరులో ఇరవై తొమ్మిదే. ఇంకో రెండు రోజుల్లో తిథి. పాత ఎగ్జిట్ రద్దు చేసి కొత్తది కొట్టడానికి ఎంత లేదన్నా నాలుగు రోజులు.

మర్నాడు పొద్దున ఈజిప్టు గుమాస్తా అతన్ని నా బల్ల దగ్గరికి తీసుకొచ్చి, నేను సరిగానే కొట్టాను, తేదీ మార్చింది ఇతని ప్రోగ్రాం అని చూపించి పోయాడు. రెండు సంచులు ఇంకా భుజాన ఉన్నాయి, ఇస్త్రీ చేసిన చొక్కా ప్రయాణానికి వేసుకున్నదే. నేను క్యాలెండరు తీసి, నా సూత్రం తీసి, పక్కపక్కన పెట్టి చూసుకుంటే ఒక రోజు తేడా కనబడింది. ఎవరి మీదైనా నెట్టొచ్చు, సూత్రం నాది కాదు, నాలుగైదు నెలలు సరిచూశాను, ఇంకా ఏదో చెప్పొచ్చు. చెప్పబుద్ధి కాలేదు.

“తప్పు నాదేప్పా. నా లెక్క తప్పింది. నువ్వేమన్నా నేను పడతా” అన్నాను.

ఆ తమ్ముడు తెలుగాయనవేనా అన్నట్టు ఒకసారి ముఖంలోకి చూసి, సంచులు సర్దుకుని వెళ్ళిపోయాడు.

మధ్యాహ్నానికి కబురు మా మేనేజరుకి చేరింది. మన హైదరాబాదు మనిషే, తెలివైనవాడు, తన కుర్చీకి మచ్చ రాకుండా చూసుకోవడంలో ఇంకా తెలివైనవాడు. ఆ టాగ్ ఈ సాయంత్రానికల్లా పోవాలన్నాడు. ఇంగ్లీషు తేదీ ఇవ్వమని మనల్ని ఎవరూ అడగలేదు, అడగని సాయం చేసి ఇరుక్కున్నాం, హిజ్రీ ఒక్కటే వేస్తే తప్పు మన మీదకి రాదు అన్నాడు. నిజమే, ఏమీ చెప్పనివాడి మీద తప్పెలా వస్తుంది. సిగ్గుతో చచ్చిపోయి ఉన్నాను గనక సరేనన్నాను. అవును, ముందు సరేనన్నాను, దాచుకోవడమెందుకు.

తీసేద్దామని కూర్చున్నప్పుడు ఆ తమ్ముడు మళ్ళీ వచ్చాడు. గుమాస్తా చెప్పాడట టాగ్ పోతోందని. ఈసారి ఫారం యూనిఫారంలో ఉన్నాడు, ఖాళీగా కూచోలేక షిఫ్టులో దిగాడట. తలుపు దగ్గర చెప్పులు విడిచి వచ్చి నా బల్ల ముందు నిలబడ్డాడు.

“సార్, నాదైతే పోయింది. గా తేదీ మాత్రం తీసెయ్యకుండ్రి. మంచిగ చెయ్యుండ్రి” అన్నాడు. మళ్ళీ తనే అన్నాడు, “గది లేకుంటె మా అసుంటోళ్ళు మళ్ల ఆ మిస్రీ ముంగట చేతులు కట్టుకోని నిలబడాలె.”

ఇరవై ఏళ్ళలో నాకు చాలామంది చాలా చెప్పారు, సర్టిఫికెట్లు ఇచ్చారు, అద్దాల పలకలు ఇచ్చారు, అవన్నీ ఏ అటక మీద ఉన్నాయో మా ఆవిడకి తెలియాలి. ఆ మాట మాత్రం అక్షరం పోకుండా నా దగ్గరే ఉంది. ఎవడి తండ్రి సంవత్సరీకం నా లెక్క మింగేసిందో వాడే వచ్చి నీ పని నువ్వు సరిగ్గా చేయి అంటే, దాన్ని తీసేసి చేతులు దులుపుకునే హక్కు నాకెక్కడిది?

మేనేజరు గదిలోకి వెళ్ళి తీసేయనని చెప్పాను. తప్పు నాదని కాగితం మీద రాసిస్తాను, కావాలంటే నన్ను తీసేయండి, టాగ్‌ని మాత్రం సరిచేసి పెడతాను అన్నాను. నా కఫీల్, అంటే వీసాకి పూచీ ఉన్నది, కంపెనీయే, నా ఇకామా మీదే మా ఆవిడా, బడికి పోయే మా అమ్మాయీ ఈ దేశంలో ఉన్నారు, ఆ సంగతి అతను నాకు గుర్తుచేశాడు కూడా, చాలా మెత్తగా. ఇంటికొచ్చి చెప్తే మా ఆవిడ అంతా విని, సర్దుకోవాల్సి వస్తే రెండు పెట్టెలే కదా, ఆ పిల్లవాడికి ముందు అన్నం పెట్టావా అని అడిగింది. నేను పెట్టలేదు. మర్నాడు అతని కోసం క్యారియరులో కట్టిచ్చింది.

ఈలోపల మేనేజరు సలహాదార్ల చేత టాగ్ తీయించేశాడు, తెరల మీద హిజ్రీ ఒక్కటే మిగిలింది. నేను మాత్రం నా బల్ల దగ్గర కూర్చుని దాన్ని మళ్ళీ రాశాను. సూత్రాన్ని అవతల పారేశాను. సర్కారు క్యాలెండరులో ఏ నెల ఏ రోజు మొదలవుతుందో ఒక పట్టిక పెట్టి, గుమాస్తా ఒక్కో నెలా చదువుతుంటే నేను ఎక్కించాను. ఆ పట్టికలో లేని నెల ఎదురైతే ఊహించవద్దని, తెలియదు అని తెర మీద తెలుగులో వేయమని రాశాను. సలహాదార్లు నవ్వారు, లెక్క ఉండగా చేత్తో పట్టిక ఎక్కించేవాణ్ణి నిన్నొక్కణ్ణే చూశాం అన్నారు. లెక్కని నమ్మి ఒకణ్ణి విమానాశ్రయం నుంచి వెనక్కి రప్పించాను, ఇంకొకణ్ణి రప్పించను అన్నాను. టాగ్‌కి తెలియనప్పుడు తెలియదనే బుద్ధి ఉండాలి, రాసేవాడికి కూడా.

అన్నిటికన్నా కింద ఒక వరస చేర్చాను. ‘తేదీ తప్పనిపిస్తే నా దగ్గరికి రండి. రెండో అంతస్తు, కిటికీ పక్క బల్ల.’ ప్రతి తేదీ కిందా తెర మీద ఇది కనబడాలి. ఆ రోజుల్లో తెర మీద తెలుగు అక్షరం కనబడటమే గగనం, ఫాంటు సంపాదించి మెస్సులో నాలుగు తెరలకీ నేనే నిచ్చెనేసుకుని ఎక్కించి వచ్చాను.

తిథి నాడు మధ్యాహ్నం నేను మెస్సులోనే ఉన్నాను. మా ఆవిడ పంపిన అన్నం అతనికి ఇస్తే ఒక ముద్ద విడిగా తీసి, వెనక తలుపు తోసుకుని వెళ్ళి పిట్టగోడ మీద పెట్టి నిలబడ్డాడు. అల్ ఖర్జ్‌లో మా వైపు కాకులు లేవు. చాలాసేపు చూశాడు. పావురాలు రెండు వచ్చి తిన్నాయి. అతను లోపలికొచ్చి తన పళ్ళెం ముందు కూర్చుని అన్నం తిన్నాడు, నేను ఎదురుగా కూర్చుని తినలేకపోయాను. ఊళ్ళో అతని సొంత తమ్ముడు కార్యం జరిపించాడని తర్వాత తెలిసింది.

అప్పటికే పర్సనల్ విభాగం కిటికీ ముందు వరస మొదలైంది. తెర మీద ఇంగ్లీషు తేదీ లేదు, ఒక మనిషి వెనక్కి వచ్చాడన్న వార్త క్యాంపంతా పాకింది, సెలవు మంజూరైన ప్రతివాడూ తన తేదీ అడగడానికి వచ్చాడు. ఒకరోజు మెట్ల దాకా ఉన్న వరస మర్నాటికి మెట్లు దిగి ఎండలోకి పోయింది. గుమాస్తా చేతులెత్తేశాడు. చివరికి ఆ విభాగం పెద్దాయన, వయసైన సౌదీ మనిషి, గది దాటి ఎప్పుడూ రాని ఆయన, తనంతట తానే మెట్లు దిగి వచ్చి ఇదేమిటని అడిగాడు. నేను సరిచేసిన టాగ్‌ని చూపించాను. పట్టిక చూశాడు, తల ఊపాడు. కింద ఈ రాత ఏమిటన్నాడు. చెప్పాను. మా మేనేజరు వెంటనే అందుకుని, అది తీయించేస్తానండీ, మన తప్పులు మనమే చాటుకోవడమేమిటి అన్నాడు. ఆయన నన్నొకసారి, ఎండలో ఉన్న వరసనొకసారి చూసి “ఖల్లీ” అన్నాడు. ఉండనీ అని. అంతే, గదిలోకి వెళ్ళిపోయాడు. నా పదోన్నతి ఆ ఏడు ఎటో పోయింది, పోనీ.

ఆ తెలుగు వరస తెర మీద ఉన్నన్నాళ్ళు మనుషులు నా బల్ల దగ్గరికి వస్తూనే ఉన్నారు. తేదీ కోసం వచ్చేవాళ్ళు తక్కువ, పట్టిక మళ్ళీ తప్పలేదు. ఉత్తరం చదివించుకోవడానికో, ఫారం నింపించుకోవడానికో, ఊరికే తెలుగు మాట్లాడటానికో వచ్చేవాళ్ళే ఎక్కువ. ఆ జగిత్యాల తమ్ముడు ఊరెళ్ళి తిరిగొచ్చి, ఇంకా తొమ్మిదేళ్ళు ఇక్కడే పనిచేసి, ఇక తిరిగి రాకుండా పోయే ఫైనల్ ఎగ్జిట్ కొట్టించుకున్న రోజు కూడా వచ్చాడు, తేదీ సరిగ్గా ఉందా సార్ అని నవ్వుతూ అడిగాడు. ఇద్దరం క్యాలెండరు తీసి రెండుసార్లు చూశాం.

ఇదంతా ఆ ఇంజనీరు అమ్మాయికి చెప్పాను. బుద్ధిమంతురాలు, మధ్యలో ఫోను ముట్టుకోలేదు. ఇప్పుడు ఈ టాగ్ అవసరం లేదని నాకూ తెలుసు. ఇప్పుడు కాగితాలన్నీ ఫోన్లో ఉన్నాయి, రెండు తేదీలూ ఉంటాయి, కావలసిన భాష నొక్కుకుంటే అందులోనే వస్తుంది, మెస్సులో తెరల చోట ఇప్పుడు కూల్‌డ్రింకుల యంత్రాలున్నాయి. మంచిదే, ఆ తమ్ముడి నాటి కష్టం ఇప్పటి కుర్రాళ్ళకి లేదు, అందుకు ఏడ్చేవాణ్ణి కాను. ‘నిరుపయోగం’ అన్న మాట కొట్టేయమన్నాను, కొట్టేసింది. ఆ తర్వాత, కొత్త వ్యవస్థలో తేదీ తప్పు వస్తే మనిషి ఎవరి దగ్గరికి రావాలి అని అడిగాను. ఫిర్యాదు నమోదు చేస్తే ఒక నంబరు వస్తుంది, విభాగం చూసుకుంటుంది అంది. బాధ్యులు అన్న గడిలో విభాగం పేరే ఉంది. విభాగం ముందు చెప్పులు విడిచి ఎవరు నిలబడగలరు? మన కాలంలో యంత్రాలు అధ్వానంగా ఉండేవి, ఒప్పుకుంటాను, కానీ తప్పు చేసినవాడికి ఒక ముఖం ఉండేది, ఆ ముఖం ముందుకొచ్చి ఇట్లా కాదు, ఇట్లా చెయ్యి అనడానికి పేడ చేతుల మనిషికి కూడా దారి ఉండేది. ఆ దారిని మూసేసి దానికి సౌకర్యమని పేరు పెట్టుకున్నాం.

ఆ గడిలో నీ పేరు, నువ్వు కూర్చునే చోటు రాయి, అప్పుడు సంతకం పెడతాను అన్నాను. నవ్వింది, హాస్యమనుకుంది. కాదని తెలిశాక ఆలోచించి చెప్తానంది. ఈ ఆదివారానికి వారమైంది, పైనుంచి రెండుసార్లు గుర్తుచేశారు, కాగితం నా సొరుగులో ఉంది. తొందరేం లేదు. నా ఫైనల్ ఎగ్జిట్‌కి ఇంకా నాలుగు నెలలుంది, అప్పటిదాకా ఎవరికి ఏం కావాలన్నా నేనిక్కడే ఉంటాను, రెండో అంతస్తు, కిటికీ పక్క బల్ల.